కుట్టు చెప్పని ధర

తంగేళ్ళగుట్ట అడవిలో వాగు ఏడాదికి రెండుసార్లు పారుతుంది. వానలు పడ్డప్పుడు ఒకసారి, ముసలి జంతువుల కబుర్లలో ఇంకోసారి. ఎండలు ముదిరాయంటే ఇసకలో చెలమ తవ్వినా తడి తగలదు. అప్పుడిక నీళ్ళంటే గుట్ట అవతలి మడుగులోనే. కాళ్ళు ఆడేవాళ్ళు అక్కడికే పోయి తాగొస్తారు. ముసలివాళ్ళకీ, ఈనిన తల్లులకీ, కుంటివాళ్ళకీ ఎవరో ఒకరు మోసుకురావాలి. అందుకని ఆ అడవిలో తోలుతిత్తిని సరుకని ఎవరూ అనరు. ప్రాణమనే అంటారు. బేరం మాత్రం ఆడతారు, అది వేరే సంగతి.

తిత్తులు కుట్టడంలో అక్కడ ఇద్దరికే పేరు. ఒకడు ఎల్లమంద అనే ఏదుపంది. వాడికి పనిముట్టు కొనే ఖర్చే లేదు. వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటే తోలుకి బెజ్జం పెట్టే ఆరె సిద్ధం. రెండోవాడు ఓబులేసు అనే ముంగిస. వాడి పళ్ళు వాడికి కత్తెర. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఏదుపందికీ ముంగిసకీ బావ వరస ఎలా కలిసిందంటే, సంతలో పక్కపక్కన చాపలు వేసుకున్నవాళ్ళకి వరసలు వాటంతటవే కలుస్తాయి.

తోలు ఎవరిదన్న సందేహం రావచ్చు, రావాలి కూడా. ఆ అడవిలో వయసు మీరి పోయినవాళ్ళు తోలుని అడవికే వదిలిపోతారు. దాన్ని సున్నంలో వేసేముందు కుట్టేవాడు పోయినవాళ్ళ పేరు పైకి అనాలి. "దుప్పి నరసమ్మవ్వా, నీ తోలు నీళ్ళు మోస్తుందమ్మా" అని. ఆ తర్వాత ఆ తిత్తిలో ఎవరు తాగినా నరసమ్మవ్వ నీళ్ళు తాగామంటారు. సున్నం అయ్యాక తంగేడు చెక్క నానేసిన తొట్టిలో, దాన్నే లంద అంటారు, తోలు రెండు అమావాస్యలు చూడాలి. ఆపైన రెండు వరసల కుట్టు, కుట్టు మీద కానుగ నూనె, మైనం. ఇంత పనికి ధర నాలుగు కుంచాల జొన్నలు. తంగేడు పూసే రోజుల్లో ఇద్దరూ కూర్చుని ఏడాదికి ఒకసారి ఆ ధర అనుకునేవారు. ఎన్నాళ్ళనించో నాలుగే అనుకుంటున్నారు.

"నాలుగా? పోయినేడూ నాలుగేగా?" అనేది సంతకొచ్చిన ఎలుగు.

"పోయినేడు కూడా మేం అన్నమే తిన్నాం మామా," అనేవాడు ఎల్లమంద.

"మూడుకియ్యి."

"ఇస్తా. ముప్పావు దారి దాకా నీళ్ళాగుతాయి. ఆ పైన నీ అదృష్టం."

ఎలుగు మూతి ముడుచుకుని పక్క చాప వైపు తిరిగేది. అక్కడ ఓబులేసు తిత్తులన్నీ బోర్లించి ఉండేవి. ఒకరి దగ్గర బేరం నడుస్తుంటే పక్కవాడు తన సరుకుని బోర్లించాలి. అది తేలేదాకా తిరగెయ్యకూడదు. ముందు వాడితో తేల్చుకో అని దానర్థం. అడవిలో పులికి కూడా ఆ మర్యాద తెలుసు. బోర్లించిన సరుకుని ఓరకంటనైనా చూసేది కాదు.

ఇంకో మర్యాద కూడా ఉంది. అమ్మిన సరుకు ఎంతకి పోయిందని తోటివాణ్ణి అడగకూడదు. అడిగితే వాడి కంచంలోకి తొంగి చూసినట్టు. మంచి మర్యాదే. కానీ మర్యాదలు మంచివాళ్ళ కోసం పుడతాయి, వాటిని ఎక్కువగా వాడుకునేది మాత్రం వేరేవాళ్ళు.

ఎల్లమంద భార్య చెంచమ్మ కాలు ఒకసారి ఉచ్చులో పడి నలిగింది. అప్పటినించీ ఆమె బొరియ దాటి వెళ్ళలేదు. గింజలూ నీళ్ళూ రెండూ ఎల్లమందే తేవాలి. ఆమె కోసమని తన చేతి పనితనమంతా పెట్టి నరసమ్మవ్వ తోలుతో ఒక తిత్తి కుట్టాడు. మూతి దగ్గర చిన్న తంగేడు పువ్వు కూడా కుట్టాడు. "ముసలితనంలో ఈ సోకులేమిటయ్యా" అంటూనే చెంచమ్మ దాన్ని తలాపున వేలాడదీసుకుంది.

ఆ ఏడు చలి మొదలవుతూండగా, సంతకి కాదు, ఎల్లమంద ఇంటికే ఒక బేరం వచ్చింది. దాని పేరు భూషణం. జాతికి నక్క. నక్కలందరూ మోసగాళ్ళని లోకం అంటుంది, అన్యాయం. ఉన్న నక్కల్లో ఈ ఒక్కదాని వల్లే సగం చెడ్డపేరు వచ్చి ఉంటుంది.

"ఎల్లమందన్నా, బాగున్నావా? వదినగారి కాలెలా ఉంది? నాకు తిత్తులు కావాలి. ఒకటీ రెండూ కాదు, నీ దగ్గరున్నవన్నీ."

"సంతకి రాకూడదూ భూషణం?"

"సంతలో దుమ్ము, అన్నా. నీలాంటి పెద్దవాడి గుమ్మంలోకి వచ్చి కొనుక్కోవడం మర్యాద కాదూ?"

సంతలో అయితే పక్క చాపవాడు సరుకు బోర్లించి ఉండేవాడు. ఇంటికొచ్చిన బేరానికి బోర్లించేదెవరు?

"నాలుగు కుంచాలు," అన్నాడు ఎల్లమంద.

నక్క తల గోక్కుంది. సంచీలోంచి ఒక తిత్తి తీసి ఎల్లమంద ముందు పెట్టింది. "ఇది మూడుకిచ్చాడన్నా. ఎవరని నేను చెప్పను. ఒకరి మాట ఇంకొకరికి మోసే అలవాటు నాకు లేదు."

ఎల్లమంద తిత్తిని చేతిలోకి తీసుకున్నాడు. కుట్టు మీద వేలు పోనిచ్చాడు. ముడి ఎడమకి తిరిగి ఉంది, దారం కొస పంటితో తెంపి ఉంది. ఇంక చెప్పేదేముంది? అది ఓబులేసు పని. ఓబులేసు ఎదురుగా నిలబడి ప్రమాణం చేసినా అంత నమ్మేవాడు కాదు. నోటి మాట అబద్ధమాడుతుంది గానీ కుట్టు ఆడదు. జీవితమంతా తోలు మీద బతికినవాడికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"మూడుకా!" అన్నాడు.

"నేనేమీ అనలేదన్నా, నువ్వే అన్నావు. సరే, నీకు కుదరదంటే ఆ చెయ్యి దగ్గరే అన్నీ కొంటా."

"ఏమయ్యా," అంది లోపల్నించి చెంచమ్మ, "ఓబులేసన్నయ్యని ఒక్క మాట అడిగి రారాదూ?"

"అడగడమా? ఎంతకమ్మావురా అని వాడి కంచంలో చెయ్యి పెట్టనా? సిగ్గు వదిలింది వాడు, నేను కాదు."

ఆ పూట తన తిత్తులన్నీ మూడేసి కుంచాలకి ఇచ్చేశాడు. గాదె నిండింది. కడుపులో మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టుంది. తన ముళ్ళు బయటికుంటాయి కదా, ఇదెక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాడు.

తర్వాతి సంతలో ఎల్లమంద పలకరించలేదు. ఓబులేసూ పలకరించలేదు. లేడి ఒకటి ఎల్లమంద చాప దగ్గర బేరానికి కూర్చుంది. ఓబులేసు తన తిత్తుల్ని బోర్లించలేదు. పైగా దుమ్ము దులిపి ముందుకి జరిపాడు.

"చూశావా, తప్పు చేసినవాడి పొగరు!" అనుకున్నాడు ఎల్లమంద.

లేడి అటు చూసింది, ఇటు చూసింది. "రెండున్నరకి ఎవరిస్తారు?" అంది.

ఇద్దరూ ఒకేసారి "నేనిస్తా" అన్నారు.

పిట్ట పోరూ పిట్ట పోరూ పిల్లి తీర్చిందన్న సామెత ఆ అడవిలో పిల్లకాకులకి కూడా వచ్చు. సామెత తెలిసినంత మాత్రాన మోసపోకుండా ఉండగలిగితే, లోకంలో ఇన్ని సామెతలు పుట్టనవసరం లేదు. పక్కింటి తగువులో అది చక్కగా గుర్తొస్తుంది. మన తగువులో మనం న్యాయం కోసం పోరాడుతున్నాం కదా, పిట్టలమెలా అవుతాం?

నక్క మళ్ళీ వచ్చింది, ఎడమ ముడి తిత్తితో. మళ్ళీ వచ్చింది. ధర రెండుకి దిగింది. రెండు కుంచాలకి రెండు అమావాస్యలు ఆగడం ఎలా? తోలు లందలోంచి పచ్చిగానే పైకొచ్చింది. రెండు వరసల కుట్టు ఒక వరస అయింది. మైనం మానేశాడు. తోలు సున్నంలో వేసేటప్పుడు పేరు చెప్పడానికి కూడా తీరికలేదు. ఒకసారి చెంచమ్మ అడిగింది, "ఇది ఎవరిదయ్యా?" అని. ఎల్లమంద తడుముకున్నాడు. తెలీదు.

మాఘం వెళ్ళిపోతుండగా నక్క వచ్చి కొత్త తిత్తుల్ని వేలితో నొక్కి చూసింది. "ఇవొద్దులే అన్నా," అంది. లోపలికి తొంగిచూసింది. "వదినగారి తలాపున వేలాడుతోందే, పువ్వు కుట్టింది, దానికి మూడిస్తా."

"అదొక్కటీ వద్దయ్యా," అంది చెంచమ్మ.

గాదె అడుగు కనిపిస్తోంది. "వారంలో ఇంకోటి కుట్టిస్తానే," అన్నాడు ఎల్లమంద. నిజంగానే కుట్టిస్తానని నమ్మాడు కూడా.

కుట్టాడు. వారంలో కుట్టేది ఎలా ఉంటుందో అలానే ఉంది.

ఎండలు వచ్చాయి. వాగు ఎండింది. ఎల్లమంద కొత్త తిత్తి భుజాన వేసుకుని మడుగుకి నడిచాడు. నిండా నీళ్ళు ముంచి తిరుగుదారి పట్టాడు. గుట్ట దిగేటప్పుడు వీపు చల్లగా తగిలింది. గాలేమో అనుకున్నాడు. అది గాలి కాదు. పచ్చి తోలు ఎండకి ముడుచుకుని కుట్టు నోరు తెరిచింది. ఇంటికి చేరేసరికి తిత్తిలో తడి తప్ప నీళ్ళు లేవు. చెంచమ్మ ఆ తడిని నాకింది. బయటికొస్తే దారిలో ఎలుగు ఎదురై తన ఖాళీ తిత్తిని ఎల్లమంద కాళ్ళ ముందు పడేసింది.

"ముప్పావు దారి అన్నావు. సగం దారి కూడా రాలేదు."

"నువ్వే చవగ్గా అడిగావు కదా మామా."

"అడగడం నా పని. ఇవ్వకపోవడం నీ పని. ఇన్నాళ్ళూ నీ పని నువ్వు చేశావు గనకే నా పిల్లలు బతికారు."

ఎల్లమంద ఆ తిత్తిని అక్కడే వదిలి గుట్ట వైపు నడిచాడు.

భూషణం గుట్ట నీడలో పెద్ద చాప పరిచింది. దాని మీద రెండు వరసల కుట్టు తిత్తులే, మైనం మెరుస్తూ, చలికాలంలో కొన్నవన్నీ. ధర ఎనిమిది కుంచాలు. చాప మూల కూర్చుని చిరిగిన తిత్తులకి అతుకులు వేస్తున్నవాడు ఓబులేసు. బక్కచిక్కి తోక ఊడిన ఎలుకలా ఉన్నాడు. నక్క ఇంకో గిరాకీతో మాట్లాడుతోంది.

"కూలికి చేరావా బావా?" అన్నాడు ఎల్లమంద. ఎకసెక్కెం ఆడదామనుకున్నాడు.

"నువ్వు రెండున్నరకి అమ్మి నా నోట్లో మట్టి కొట్టాక ఏం చెయ్యమంటావు?"

"నేనా? ముందు నువ్వు మూడుకి ఇచ్చావు! నీ కుట్టు నా వేలితో చూశాను."

ఓబులేసు చేతిలో పని ఆగింది. "ముందు నేనిచ్చింది ఒక్క తిత్తి బావా. సంతలో, నువ్వు రాని రోజున, నాలుక్కుంచాలకి. భూషణానికే." దారం పక్కన పెట్టి అన్నాడు, "తర్వాత నీ కుట్టు తెచ్చి చూపించింది. రెండున్నరకిచ్చావంది."

"మూడుకిచ్చాను."

"నన్ను అడగలేదేం?"

"నువ్వడిగావా?"

కుట్టు ఎవరిదో చెప్పింది. ధర ఎంతో చెప్పలేదు. ధర కుట్టులో ఉండదని, ఉండేది తోటివాడి నోట్లోనేనని, చేతులు కాలాక ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

నక్క ఇటు తిరిగింది. "రా అన్నా, రా. ఏం కావాలి?"

ఎల్లమంద చూపు చాప మధ్యలో ఆగింది. మూతి దగ్గర తంగేడు పువ్వు. "అది," అన్నాడు.

బేరం మొదలైంది. ఓబులేసు చెయ్యి, అలవాటు కొద్దీ, తన ఒళ్ళోని అతుకుల తిత్తిని మెల్లగా బోర్లించింది. బోర్లించాక వాడికే నవ్వొచ్చింది కాబోలు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఎనిమిది," అంది నక్క.

"మూడుకి కొన్నావు."

"అప్పుడు చలికాలం."

"నా దగ్గర గింజ లేదు."

"గింజలెవరడిగారు? చేతులున్నాయిగా. ఓబులేసు పక్కన చోటుంది. చేతులు ఆడినన్నాళ్ళూ కుట్టు. తిండి పెడతా. తిత్తి ఇప్పుడే పట్టుకెళ్ళు, పాపం వదినగారికి దాహంగా ఉంటుంది."

ఎల్లమంద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. నక్క అంగుళం కూడా కదల్లేదు. నీళ్ళు మొయ్యడానికి ఆ అడవిలో తన చాప మీద తప్ప ఇంకో గట్టి తిత్తి లేదని దానికి తెలుసు. ఒక్కో ముల్లూ మళ్ళీ వీపుకి అంటుకుంది. ఎల్లమంద తిత్తి తీసుకుని మడుగుకి నడిచాడు.

చెంచమ్మ కళ్ళు మూసుకునే తాగింది. రెండో గుక్కకి కళ్ళు తెరిచింది. మూతి తడిమి పువ్వుని పట్టుకుంది.

"నరసమ్మవ్వ నీళ్ళు," అంది. "ఇదెలా వచ్చిందయ్యా మళ్ళీ? ఎంతకి కొన్నావు?"

ఎల్లమంద వీపు తిప్పి, రేపటి పనికి ఒక ముల్లు పీక్కుంటున్నాడు.

తోటివాడి ధరని దళారి నోట విన్నవాడు, తన సరుకుని తానే కొనుక్కుంటాడు.