నలభై అచ్చుల బేరం

ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా చెప్పులు వెతుక్కోవడం సాంబమూర్తి మాస్టారికి అలవాటు. ఆయన దగ్గర కంప్యూటరు నేర్చుకుంటున్న నాంచారి అడిగిననాడూ అదే జరిగింది.

"పేజీలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క కాంపొనెంటు, దానికి బయటినుంచి అందించే వివరాలు ప్రాప్స్. అప్పజెప్పమంటే అప్పజెబుతాను మాస్టారూ. కానీ ఆ రెండూ విడివిడిగా ఎందుకుండాలి?"

అడిగిందే గాని ఆమె చూపు తెరమీదనుంచి కదల్లేదు. పెడన అద్దకం పనివాళ్ల సంఘానికి వెబ్‌సైటు తయారుచేస్తోంది. నలభై రకాల చీరలకు, చీరకొకటి చొప్పున నలభై కాంపొనెంట్లు రాసింది. ఫోటోలు ఎడమనుంచి కుడికి మార్చమని సంఘంవారు పొద్దున కబురుపెట్టారు. మధ్యాహ్నానికి తొమ్మిదే మారాయి. శుక్రవారానికి సిద్ధం కాకపోతే పని బెజవాడ వాళ్లకి ఇచ్చేస్తారట.

"అన్నం మానేసైనా పూర్తిచేస్తాను," అంది పళ్లు బిగించి.

"మానేద్దువుగాని, ముందు నాతో రా."

పక్కవీధిలో అద్దకం అచ్చులు చేసే పైడయ్య టేకుదిమ్మె మీద లత చెక్కుతున్నాడు. మాస్టారు అతని ఎదుట చతికిలబడి, "మామిడిపిందె అచ్చులు నలభై కావాలోయ్. ఎర్రచీరకొకటి, నల్లచీరకొకటి, పసుప్పచ్చదానికొకటి..." అని మొదలుపెట్టారు.

పైడయ్య ఉలి ఆపాడు. "ఏమే నాంచారీ, మీ మాస్టారికి ఎండదెబ్బ గాని తగిలిందా?"

అద్దకం ఇంట్లో పుట్టిన పిల్ల, సిగ్గుతో చచ్చిపోయింది. "అదేంటి మాస్టారూ! అచ్చు ఒక్కటి చాలదా? ఏ రంగు అద్దితే ఆ రంగే పడుతుంది. రంగును కూడా అచ్చులోనే చెక్కించుకుంటారా ఎవరైనా..."

మాట సగంలో ఆగిపోయింది. పైడయ్యకు చెప్పనైనా చెప్పకుండా వెనుదిరిగి, మాస్టారికి అందనంత వడిగా నడిచింది.

ఆయన రొప్పుతూ వచ్చేసరికి పని మొదలుపెట్టేసింది. పొద్దుగూకేలోగా చీరల వివరాలన్నీ ఒక పట్టీగా పక్కకు తీసి, ముప్ఫైతొమ్మిది కాంపొనెంట్లు చెరిపేసింది. పదిరోజుల కష్టం. అయినా ఆగలేదు. మిగిలిన ఒక్కదాన్నీ చూపించి, "ఇది చాలు కదా మాస్టారూ?" అంది.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. అందులో 'నెమలి అంచు, ఎరుపు' అని ఇంకా రాసే ఉంది.

"చాలు," అన్నారు. "పాత రంగు కడిగి వాడు తల్లీ."