రాజు పంపిన ప్రశ్న

గానుగ ఎద్దుకు ఒకరోజు కళ్ల గంతలు జారాయి. అన్నాళ్లూ ఏదో దూరపు ఊరికి నడుస్తున్నాననుకున్న ఎద్దు, ఎదురుగా అదే గానుగను, కాళ్ల కింద అదే గాడిని చూసి నిలబడిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు యజమాని.

"ఈ గంతలు వద్దయ్యా. చూసుకుంటూనే నడుస్తాను."

"చూస్తే కళ్లు తిరుగుతాయి. నీ మేలుకే కట్టాను."

ఎద్దు కదల్లేదు. పొద్దుగూకకముందే యజమాని దాన్ని కొట్టంలోంచి తోలేశాడు.

గానుగ తప్ప మరో పని ఎరగని ఎద్దు అది. దుఃఖం దిగమింగుకుని, పనివాళ్ల తగవులు సర్దిచెప్పే కొంగ దగ్గరికి వెళ్లింది. కొంగ ఇద్దరినీ పిలిపించి, "కలిసుంటే కలదు సుఖం. సర్దుకుపోండి" అంది. యజమాని ససేమిరా అన్నాడు. రాజీ కుదరలేదని కొంగ రాజుకు విన్నవించింది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. తీర్పులు చెప్పేది హంస. కానీ పనివాళ్ల గోడును అది నేరుగా వినదు. రాజు ఏ ప్రశ్న పంపితే ఆ ప్రశ్నకే తీర్పు చెబుతుంది. రాజు ఒక ప్రశ్న రాయించి పంపాడు. అందులో ఏముందో ఎద్దు అడగలేదు. హంస కొలువుదాకా చేరడమే పదివేలనుకుంది.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఎద్దు మెడ మీద కాడి ఒరిపిడికి కాచిన కాయ మెత్తబడింది. మూతి మీద వెంట్రుకలు నెరిశాయి. ఆశ మాత్రం చావలేదు, పాపం.

చివరికి హంస పాలనూ నీళ్లనూ వేరుచేసింది. "ఎద్దును తీసెయ్యడం తప్పు. దాన్ని మునుపు ఉన్నచోటే, మునుపు ఉన్నట్టే నిలబెట్టాలి."

కొలువంతా సంతోషించింది. ఎద్దు కళ్ల నిండా నీళ్లు.

"మరి నా గంతలు, తల్లీ?"

"నిన్ను తీసెయ్యడం న్యాయమా అని మాత్రమే రాజుగారు అడిగారు. గంతల సంగతి అడగలేదు నాయనా" అంది హంస. గొంతులో జాలి ఉంది. తీర్పు మాత్రం మారలేదు.

మర్నాడు యజమాని ఆ తీర్పును తు.చ. తప్పకుండా పాటించాడు. కాడి ఎత్తాడు. గంతలు కట్టాడు. ఈసారి ముడి గట్టిగా వేశాడు.

ఎద్దు నడిచింది. ఆ చీకట్లోనూ దానికి గాడి కనిపిస్తూనే ఉంది. ఒక చుట్టు తిరిగి, వెనకటికి ఆగిన చోటే మళ్లీ ఆగింది.

"మళ్లీ ఏమైందిరా?"

"కొంగ ఇంటికి దారి నాకు తెలుసయ్యా" అంది ఎద్దు. "ఈసారి ప్రశ్న నేనే చెప్పి రాయిస్తాను."