తెరకి ఆనిన రావణుడు

మా తోలుబొమ్మలాట మేళంలో భీమోజీ అని ఒక శిష్యుడు ఉండేవాడు. పేరుకే భీముడు. పెట్టెలోంచి రావణుడి బొమ్మ తీస్తే చాలు, వాడి గుండె చప్పుడుకి నా చేతిలో తాళాలు తప్పేవి.

ఆ బొమ్మ వాళ్ళ నాయనది. ఆయన రావణుడై గర్జిస్తే పక్క ఊరి ఎద్దులు గుంజలు పెరుక్కుని పరుగెత్తేవి. తాగి ఇంటికొచ్చినా అదే గర్జన. ఇల్లు పీకి పందిరేసేవాడు. వీడికి మీసమైనా రాకముందే ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ ఏ ఊళ్ళో తెర కట్టినా, భీమోజీ ముందుగా అడిగేది ఒకటే. "మా నాయన ఇటుగా వచ్చాడా?" ఆ మాట వినీ వినీ ఊళ్ళలో చిలకలు కూడా నేర్చేసుకున్నాయి.

మేళం నడిపే లింగోజీ గురువుకి వయసు మీదపడి చేతులు వణకడం మొదలైంది. మర్నాటి జాతరలో రావణుణ్ణి భీమోజీయే ఎత్తాలి. వాడు సాయంత్రం ఆ బొమ్మ తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"ఇది పాతబడింది తాతా. ఏట్లో కలిపేద్దాం."

చివికిన బొమ్మని ఏటికి ఇవ్వడం మా ఆచారం.

"బొమ్మ బాగానే ఉంది. నీకేమైంది?"

"రావణుడికని నోరు తెరిస్తే మా నాయన గొంతొస్తోంది. రేపు నేనూ ఆయనలాగే తయారవుతానేమో. నేనెవర్నో నాకే తెలీకుండా పోతోంది తాతా."

నా నోరు ఊరుకుంటుందా? "మీ నాయన కుండ కల్లు గుటకేసేవాడు. నీకు మజ్జిగే అరగదు కదరా!" అన్నాను.

వాడు బొమ్మని గురువు వైపు ఇంకాస్త నెట్టాడు.

గురువు తెర వెనక దీపం వెలిగించాడు. "సరే. ఏటికి ఇచ్చేముందు ఒక్కసారి ఆడించు. కొడుకు ఇంద్రజిత్తు పడిపోతే రావణుడు ఏడ్చే ఘట్టం."

భీమోజీ బొమ్మని తెరకి దూరంగా, దీపం దగ్గరే పట్టుకున్నాడు. తెరంతా నల్లటి నీడ కమ్మింది. ఊరు ఊరంతా మింగినా ఆకలి తీరనంత నీడ.

"చూడు తాతా, ఎంతున్నాడో!"

గురువు వాడి మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాడు. బొమ్మ వెళ్ళి తెరకి ఆనింది. నీడ తగ్గి బొమ్మంతే అయింది. ఎరుపూ పచ్చా రంగులు తేలాయి. మోకాలి దగ్గర వంకర కుట్లతో ఒక అతుకు కనబడింది.

భీమోజీ దాన్ని వేలితో తడిమాడు.

"మా నాయన వేసిన కుట్లే."

"ఊఁ. ఇప్పుడు పలుకు."

"కొడకా..." అన్నాడు రావణుడు. "ఒక్కసారి లేవరా కొడకా..."

అదే గొంతు, వాళ్ళ నాయనది. నా తాళాలు ఆగిపోయాయి.

భీమోజీ బొమ్మని తెర మీంచి తియ్యలేదు. గురువు అడిగాడు.

"ఏటికి పోదామా?"

"ఉండు తాతా. నన్నింకోసారి పిలవనీ."

గురువు దీపంలో నూనె పోశాడు.