రెండు ఫెర్న్ కుండీలు

ప్రభుదాసు కూతురికి పుట్టుకతోనే చెవులు వినపడవని డాక్టర్లు తేల్చి చెప్పారు. "మా వంశంలో ఇలాంటివాళ్ళు ఎవరూ లేరు," అంది అతని తల్లి, కోడలి వంక చూస్తూ. ప్రభుదాసు తల్లిని వారించలేదు. అతని భార్య సలోమి పిల్లని ఎత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి అతనిలో ఓపిక అడుగంటింది. ల్యాబ్‌లో కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. ఒకరోజు ఉండబట్టలేక తన బాటనీ పరిశోధన గైడు భ్రమరాంబగారిని అడిగేశాడు.

"మేడమ్, ఇలాంటివి తల్లి వైపు నుంచే వస్తాయంటారా?"

డిగ్రీ పిల్లలకు వంశపారంపర్యం పాఠం చెప్పేది అతనే. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. కిటికీ దగ్గరున్న రెండు ఫెర్న్ కుండీలు తెచ్చి బల్లమీద పెట్టారు.

"ఈ రెంటికీ పుట్టిన మొక్కల్లో కొన్ని పాలిపోయి పుట్టాయి. లోపం దేన్నించి వచ్చింది?"

ఒక మొక్క నిగనిగలాడుతోంది. రెండోదాని ఆకులు వేలాడుతున్నాయి. ప్రభుదాసు దాన్ని చూపించాడు.

"అది వాడింది నువ్వు నీళ్ళు పోయక," అన్నారావిడ.

అతను మగ్గుతో నీళ్ళు తెచ్చి కుండీలో పోశాడు.

రెండిటి ఆకుల వెనకున్న విత్తనాల్లాంటి గోధుమరంగు పొడిని అతని చేతే దులిపించి, వేరువేరు గాజు పళ్ళేల్లో చల్లించారు. ఆ పొడిలోంచి ముందుగా వచ్చేది మనం చూసే మొక్క కాదు, గామిటోఫైట్ అనే చిన్న ఆకుపచ్చ పొర. పెద్ద మొక్కలో ప్రతి గుణానికీ రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది కప్పేస్తుంది. ఈ పొరకున్నది ఒక్కటే, అందుకే లోపం దాగదు.

కొన్ని వారాలకు పొరలు మొలిచాక అతన్ని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. వాడిన మొక్క పళ్ళెంలో ఇంచుమించు సగం పాలిపోయి ఉన్నాయి. అనుకున్నదే అనిపించింది అతనికి.

"రెండోది కూడా చూడు."

నిగనిగలాడిన మొక్కదీ అంతే. సగానికి సగం.

ప్రభుదాసు మొదటి పళ్ళెం మళ్ళీ పెట్టి చూశాడు.

"రెండిట్లోనూ ఉంది మేడమ్," అన్నాడు. "రేపు సెలవు ఇప్పించండి. అమ్మకి చెప్పాలి."

భ్రమరాంబగారు పళ్ళేలకు మూతలు పెడుతూ, "అమ్మకి తర్వాత చెబుదువుగాని," అన్నారు. "ముందు సలోమి దగ్గరికి వెళ్ళు."