ఏడు రంగుల దీపాల కార్డు

తణుకులో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే సత్తిరాజు పనిమంతుడే కాని, మెరిసే వస్తువు కనిపిస్తే చాలు, మతి పోగొట్టుకునేవాడు.

ఒకసారి అతని కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు పాడైంది. అది లేనిదే తెరమీద బొమ్మ రాదు. కంప్యూటర్లు బాగుచేసే ఝాన్సీ రెండు కార్డులు చూపించింది. ఒకటి నల్లగా, బోసిగా ఉంది. రెండోదానికి ఏడు రంగుల దీపాలున్నాయి. నల్లదే తీసుకోమంది ఝాన్సీ. కార్డు పనిచెయ్యాలంటే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలనీ, కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పుడల్లా కంపెనీ దాన్ని సరిచేసి ఇవ్వాలనీ చెప్పింది. నల్ల కార్డువాళ్ళు ఆరేళ్ళుగా ఇస్తూనే ఉన్నారట. దీపాల కార్డువాళ్ళు అమ్మిన మర్నాటి నుంచి పత్తా ఉండరట.

"పొదుగు చూడకుండా, కొమ్ములకేసిన రంగు చూసి ఆవును కొంటారా సత్తిరాజు గారూ?" అంది.

"నల్లదానికి దీపాలు వెలగవు కదండీ," అన్నాడు సత్తిరాజు. దీపాల కార్డే కొన్నాడు. నెలరోజులపాటు వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు.

ఇంతలో ఆ ఊళ్ళోనే ఉండే మాణిక్యమ్మ అనే ముసలావిడ మనవరాలి పెళ్ళి వచ్చింది. కాలు విరిగిన ఆమెను జనంలో కూర్చోబెట్టలేక మండపం పక్కగదిలో పడుకోబెట్టారు. తన కంప్యూటర్ ద్వారా అక్కడి టీవీలో ఆమెకు పెళ్ళి చూపించే బాధ్యత సత్తిరాజుది. సరిగ్గా ముహూర్తానికి టీవీ మీదే చల్లాలని ముసలమ్మ పిడికెడు అక్షింతలు పట్టుకుని కూర్చుంది.

ముందురోజే కంప్యూటర్ అప్‌డేట్ అయింది. అది దీపాల కార్డుకు పడలేదు. జీలకర్రా బెల్లం పెట్టే వేళకు టీవీ అంతా నీలంగా మారిపోయింది. సత్తిరాజు కంగారుగా ఫోన్ తీసి కొత్త డ్రైవర్ కోసం వెతికాడు. కంపెనీ నంబరు మూగబోయింది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరో తలనూనె అమ్ముతున్నారు. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే అయింది. కార్డు దీపాలు మాత్రం దివ్యంగా వెలుగుతున్నాయి. చివరికి ఆ అప్‌డేట్ తీసేసి, కంప్యూటర్ మళ్ళీ లేచేసరికి పెళ్ళి అయిపోయి, టీవీలో ఖాళీ పీటలు కనిపించాయి.

సత్తిరాజు తలొంచుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. అక్షింతలు ఆమె పిడికిట్లో అలాగే ఉన్నాయి. అవి చూసి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"పెళ్ళిళ్ళు స్వర్గంలో జరుగుతాయంటే నమ్మలేదురా అబ్బాయ్. నీ టీవీలో అంతసేపూ ఆకాశమే కనిపించింది," అంది మాణిక్యమ్మ. దగ్గరకు పిలిచి, వంగమని, ఆ అక్షింతలన్నీ అతని నెత్తిన పోసింది.

"మనవరాలికి ఎలాగూ అందలేదు. నీకైనా బుద్ధి పెరగనీ," అంది.

మర్నాడే సత్తిరాజు వెళ్ళి నల్ల కార్డు కొన్నాడు. అప్పటికీ అతని జుట్టులో రెండు గింజలున్నాయని ఝాన్సీ చెబుతుంది.

నీతి: వస్తువును కొనేరోజు మెరుపు చూసి కాదు, కొన్న తర్వాత దాని వెనక ఎవరు నిలబడతారో చూసి కొనాలి.