రిలే కర్ర

అజ్మతుల్లా దుకాణం అమ్మేశాడు గానీ, దాన్ని వదల్లేకపోతున్నాడు.

దుకాణమంటే షట్టరున్న గది కాదు. ఆటగాళ్లు సంతకం చేసిన బ్యాట్లు, చెమట మరకలు పోని జెర్సీలు, పాత పతకాలు ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం. ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇప్పుడు రాజమండ్రి అమ్మాయి హిమజ కొనుక్కుంది. సంతకాలూ అయిపోయాయి. యజమాని పాస్‌వర్డు మాత్రం మహానుభావుడు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ పిల్ల ఒక ధర పెడితే ఇతను మారుస్తాడు. ఫొటో పెడితే తీసేస్తాడు. చివరికి ఆమె ఫోన్లో తేల్చి చెప్పేసింది. "నాకు అమ్మారా లేదా సార్? రేపటిలోగా చెప్పకపోతే బేరం రద్దు."

దిగాలు ముఖంతో అజ్మతుల్లా పెన్న ఒడ్డు దర్గాలో ఉండే తన గురువు ఖాదర్ షా దగ్గరికి వచ్చాడు. వట్టి చేతులతో రాలేక, కాలేజీ రోజుల్లో రిలే పరుగులో తను పట్టుకున్న కర్ర తెచ్చాడు. ఎన్నడూ అమ్మకానికి పెట్టని వస్తువు అదొక్కటే.

"ఆ పిల్లకి ఇంకా చేతకాదు బాబా. నేను దగ్గరుండి చూడకపోతే ఎలా?"

షా గారు కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, లుంగీ ఎగగట్టారు.

"నువ్వు ముందు పరిగెత్తు. నేను వెనకనుంచి అందిస్తా."

డెబ్బై దాటిన మనిషి! అజ్మతుల్లా భయపడుతూనే ఇసుకలో పరుగందుకుని చెయ్యి వెనక్కి చాచాడు. కర్ర అరచేతిలో పడింది. లాగాడు. రాలేదు. షా గారు వదిలితేగా! చెరో కొస పట్టుకుని నాలుగడుగులు తూలి, ఇద్దరూ ఇసుకలో బోర్లా పడ్డారు.

"వదలాలి కదా బాబా!" ఇసుక ఉమ్ముతూ అన్నాడు.

"నీకింకా చేతకాదేమోనని, దగ్గరుండి చూద్దామని."

అజ్మతుల్లాకి నవ్వొచ్చింది, ఆపుకుందామన్నా ఆగని నవ్వు. గడ్డం నిండా ఇసుకతో షా గారూ పడీపడీ నవ్వారు.

"అవునుగానీ నాయనా, అందించేసినవాడు ఆ తర్వాత ఏం చేస్తాడు? నాకీ ఆట తెలీదు."

"పక్కకి తప్పుకుని, పరిగెత్తేవాళ్ల కోసం గొంతు చించుకుని అరుస్తాడు బాబా."

అనేసి ఆగిపోయాడు. అలా అరిచి ఎన్నాళ్లయిందో! ఒళ్లంతా తేలికైపోయింది. జేబులోంచి ఫోన్ తీసి పాస్‌వర్డు పంపేశాడు.

వెంటనే హిమజ ఫోన్ చేసింది. "వచ్చింది సార్. ఇంకేమైనా చెప్పాలా?"

"ఒకటుంది తల్లీ."

లేచి నిలబడి, పెన్న అవతలి ఒడ్డుకి వినపడేలా అరిచాడు.

"పరిగెత్తు!"