పన్నెండు కుండలు, ఒక మంచిమాట

ఏటిగట్టు కింద ఎలుగుబంటికి ఇటుకల బట్టీ ఉండేది. మన్ను మోయడానికి పన్నెండు గాడిదలు. మోయించే మేస్త్రి ఒక ఆడనక్క. తెలివైందే. తెలివిని ఎక్కడ వాడకూడదో తెలియకపోవడమే కదా తెలివైనవాళ్లకు పట్టిన పీడ!

రోజూ పొద్దువాలే వేళ నక్క పని ఆపించి, నీళ్లతొట్టి దగ్గర నిలబడి ఒక్కో గాడిదనూ పేరుపెట్టి పలకరించేది. "ఒసే బూడిదమ్మా, అంత ఎగుడులోనూ ఒక్క పెళ్ల జారనివ్వలేదు, చూశాన్లే!" అంతే. గాడిదలన్నింటిలోకీ పెద్దదైన బూడిదమ్మ ఆ మాట విన్నాకే నీళ్లలో మూతి పెట్టేది.

ఎలుగుబంటికి ఇది గిట్టలేదు. "గాడిదకేం తెలుసే గంధపు వాసన? ఆ కబుర్లు మానితే ఇంకో ట్రిప్పు పడుద్ది."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది, దొరా. ఆ మాటే వాటిని నడిపిస్తోంది."

"అయితే నిరూపించు. లేదా ఆ సాయంత్రపు విరామం ఈ నెలతో సరి."

నక్క కాకి దగ్గరకు పోయింది. ట్రిప్పుకో గులకరాయి చొప్పున ఏ గాడిద కుండలో దానికి వేసే కాకి అది. లెక్కంటే ప్రాణం.

"సగానికి మాట చెప్పు, సగానికి చెప్పకు. నెల తిరిగాక చూద్దాం," అంది కాకి.

"ఎవరికి చెప్పాలో నేను చూసుకుంటాలే."

"చూసుకుంటావు, బలమైనవాటినే ఏరుకుంటావు. నక్కవి కావూ? చీట్లు తీద్దాం."

చీట్లలో బూడిదమ్మ మాట దక్కని సగంలో పడింది. నక్క ఆ చీటీని కాలికింద తొక్కిపెట్టింది. "దీన్నొక్కదాన్నీ మార్చరాదూ?"

"మారిస్తే లెక్క చెడుద్ది. గాడిదలు ఎందుకని అడిగినా చెప్పకూడదు."

నెలే కదా, వాటి విరామం నిలబెట్టడానికే కదా, అనుకుంది నక్క.

మూడో సాయంత్రం బూడిదమ్మే అడిగింది. "నా వల్ల తప్పేమన్నా జరిగిందా, మేస్త్రమ్మా?" నక్క మొహం తిప్పుకుంది. పదో రోజున, "వయసైపోయింది, నా మోత నీ కంటికి ఆనట్లేదు కాబోలు," అంది. మాట పీకదాకా వచ్చింది నక్కకు. మింగేసింది. ఆ తర్వాత బూడిదమ్మ ఏమీ అడగలేదు.

నెల తిరిగింది. కాకి కుండలు ఒంపి లెక్క కట్టి, నక్కతో కలిసి ఎలుగుబంటి దగ్గరకు పోయింది. "మాట విన్నవి రోజుకు పద్దెనిమిది ట్రిప్పులు. విననివి పదమూడు."

"ఏదో గాలివాటంగా వచ్చిన తేడా అయ్యుండొచ్చుగా?" అంది ఎలుగుబంటి.

"ఆ అనుమానం నాకూ వచ్చింది. పన్నెండు కుండల లెక్కల్నీ కలగలిపి, మాట విన్నదేదో విననిదేదో చూడకుండా కళ్లు మూసుకుని ఆరూ ఆరుగా విడదీసి పోల్చాను. నూరుసార్లు! ఇంత తేడా ఒక్కసారే వచ్చింది. ఇది గాలివాటం కాదు, దొరా."

ఎలుగుబంటి తొడ చరిచింది. "అయితే మాటకు ఐదు ట్రిప్పులన్నమాట! ఇకనుంచి అందరికీ రెండేసి మాటలు చెప్పవే!"

నక్క తోక ఎత్తబోయింది. కాకి నక్క చెవి దగ్గరకు జరిగింది. "పరీక్షకు ముందు నెల రాళ్లు కూడా చూశాను, మేస్త్రీ. అప్పుడు అందరూ పద్దెనిమిదే. మాట విన్నవాళ్లు పెరగలేదు. విననివాళ్లు కుంగిపోయారు."

నక్క ఇక ఆగలేదు. బూడిదమ్మ మన్ను దించుకుంటుంటే ఎదురుగా పోయి నిలబడింది. "నీ తప్పేం లేదే తల్లీ! పరీక్ష పెట్టాం, చీటీ అలా పడింది. నీలాగా మోసేది ఈ గట్టున ఇంకోటి లేదు!"

బూడిదమ్మ కుండల వరుస వైపు చూసింది. "ఇప్పుడన్న మాటకు ఎన్ని రాళ్లు పడాలి, మేస్త్రమ్మా?"

"అదేం మాటే! మనసులోంచే అన్నాను."

"అనే ఉంటావు. నమ్మడమే నా చేత కావట్లేదు. ఇన్నేళ్లూ నువ్వు చూస్తున్నావనుకుని మోశాను. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే నాకు గులకరాళ్ల చప్పుడే వినపడుతోంది."

కోపంగా అనలేదు. కోపమైనా బాగుండేది.

విషయం మిగతావాటికీ పాకింది. నక్క ఏ గాడిదను మెచ్చుకున్నా అది ముందు కాకి వైపు చూసేది. ఇంకో నెలకు అన్ని కుండల్లోనూ రోజుకు పదమూడే. "మాట పనిచెయ్యదని ఇప్పుడు తేలిందిగా!" అని ఎలుగుబంటి సాయంత్రపు విరామం ఎత్తేసింది.

మనసుకు తాకే మాటను తూచి చూడొచ్చు. తూచాక అది మళ్లీ మనసుకు తాకదు.